తొమ్మిది తెల్ల చీరల కేసు

మూడో చీర కూడా అలాగే వచ్చింది.

జెన్నీ వాషింగ్ మెషిన్లో మళ్ళీ చెయ్యి పెట్టింది. నాలుగోది లాగింది. విప్పి దులిపింది. తెల్లటి నూలు చీర మీద అరచేయంత గోధుమరంగు మరకలు, టీ ఒలికి ఆరిపోయినట్టు. ఐదోది. ఆరోది. తొమ్మిదోదీ అంతే.

శనివారం ఉదయం ఎనిమిదిన్నర. రేపు తొమ్మిదింటికి చర్చిలో కోత పండుగ. నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు. వాళ్ళందరి ముందు ఈ తొమ్మిది చీరలూ కట్టుకుని తొమ్మిది మంది ఆడవాళ్ళు నిలబడి పాట పాడాలి.

ఎవరూ చూడకముందే ఇంకోసారి మెషిన్లో వేసేద్దామనుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఒలమ్మా! ఏటివి?"

పెరటి గుమ్మంలో అత్తగారు కరుణకుమారి. స్త్రీల సమాజానికి పన్నెండేళ్ళుగా అధ్యక్షురాలు. ఏటా ఈ పాటబృందం చీరలు ఆవిడే చేత్తో ఉతికి, గంజి పెట్టి, మడతలు పెట్టి పంచేది. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. "నేను మెషిన్లో వేసి మల్లెపూలలాగ తెస్తానండీ," అని నిండు సమావేశంలో లేచి మాటిచ్చింది జెన్నీ. కోటవురట్ల నుంచి కోడలిగా వచ్చి ఏడాది. ఆ సమాజంలో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"అత్తయ్యగారూ, ఇది... ఎలా జరిగిందో నాకూ..."

"ఎలా జరిగిందేటి? కనిపిత్తంది కదా! రాయి మీద నేను ఉతికితే పాలలాగ ఉండేవి. నీ డబ్బాలో ఏసేసరికి గోనెసంచుల్లాగ తయారయ్యాయి." కరుణకుమారి ఒక చీర చెంగు ఎత్తి చూసి, దెబ్బ తగిలినదానిలా వదిలేసింది. "సాయంత్రం ఐదింటికి వాళ్ళందరూ వత్తారు. అప్పటికి ఇవి తెల్లగా లేకపోతే సూడు, నీ మిషను రేపే రోలుగుంట ఎళ్ళిపోద్ది. మా తమ్ముడికి ఇచ్చేత్తాను. ఇంక ఈ ఇంట్లో బట్టల సంగతి నువ్వు ఎత్తకు."

జెన్నీ ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. శని, ఆదివారాలు తప్ప రోజూ పొద్దున్న ఏడున్నరకల్లా సూదీ సిరంజీ పట్టుకుని అక్కడ ఉండాలి. ఈ మెషిన్ రాకముందు నాలుగున్నరకి లేచి, రాతి ముందు చతికిలబడి నలుగురి బట్టలూ బాదేది. మెషిన్ పోతే మళ్ళీ ఆ రాయే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఈ ఇంట్లో తన మాట మీద జరిగిన మొదటి పని ఇది. ఇది పోతే రెండో పని ఉండదు.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!"

గంభీరమైన ఆ కేక మామగారిది.

దయాకర్ బాబు ఆరోగ్య శాఖలో హెల్త్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై మూడేళ్ళు ఏజెన్సీ ఊళ్ళన్నీ కాలినడకన తిరిగాడు. ఎక్కడ జ్వరాలు మొదలైనా, మొదట ఎవరికి వచ్చింది, ఏ నూతి నీళ్ళు తాగారు, ఎవరింట్లో విందు తిన్నారు అని కూపీ లాగిన మనిషి. రిటైరయ్యాక కూపీ లాగడానికి ఇంట్లో ఏమీ దొరక్క చాలా ఇబ్బంది పడుతున్నాడు. ఇవాళ దొరికింది.

కళ్ళజోడు తుడుచుకుని, చీరల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ముందు అనుమానితుల్ని పిలవాలి. జాన్ ఏడీ?"

జెన్నీ భర్త జాన్ బాబు నోట్లో బ్రష్షుతో వచ్చాడు. బస్ డిపోలో మెకానిక్. అతని ఖాకీ బట్టల మీద ఉన్నంత గ్రీజు కొన్ని ఇంజన్లలో కూడా ఉండదు.

"నీ డిపో బట్టలు ఈ చీరల్తో కలిపేసావా?"

"నేనెందుకు కలుపుతాను నాన్నా? అవి గురువారమే అయిపోయాయి. అమ్మ రాయి మీద ఉతికింది, సోడా ఏసి మరీ."

"అవునా?" దయాకర్ బాబు భార్య వైపు తిరిగాడు.

"అవును. మీ కొడుకు గ్రీజుకి నా నడుం విరిగిపోయింది," అంది కరుణకుమారి.

"సరే, నువ్వు ఎల్లొచ్చు. ఊరు దాటి మాత్రం ఎల్లకు."

"ఊరు దాటడానికి డ్యూటీ లేదు నాన్నా, ఇవాళ సెలవు," అని జాన్ నోరు పుక్కిలించుకోవడానికి పోయాడు.

తరువాతి అనుమానం పక్కింటి మీద పడింది. వరలక్ష్మమ్మ పిట్టగోడ పక్కన చాప పరిచి పసుపు కొమ్ములు ఎండబెడుతోంది. గాలికి పసుపు ఎగిరి పడి ఉంటుందని దయాకర్ బాబు వాదన. వరలక్ష్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని గోడ దగ్గరకొచ్చింది.

"ఏటండీ బాబుగారూ! నా పసుపు మీ గోడ దూకి, మిషను తలుపు తీసుకుని, లోనికెళ్ళి తలుపేసుకుందంటారా?"

"గాలికి ఏదైనా జరగొచ్చు వరలక్ష్మమ్మా."

"అయితే గాలిని పట్టుకోండి. నన్నంటే మటుకు ఊరుకోను."

జెన్నీ చీరల దగ్గర కూర్చుంది. సబ్బు బిళ్ళ తీసుకుని ఒక మరక మీద రుద్దింది. పసుపు మరకైతే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. రుద్దింది, చూసింది. మరక ఎర్రబడలేదు. గోధుమరంగు గోధుమరంగులాగే ఉంది.

"పసుపు కాదండీ మావయ్యగారూ."

"సూసారా! పిల్లకి తెలిసింది, మీకు తెలవలేదు," అంది వరలక్ష్మమ్మ. అక్కడి నుంచి కదల్లేదు గానీ, కొమ్ములు తిరగేస్తూ చెవి మాత్రం ఇటే వేసింది.

దయాకర్ బాబు గొంతు సవరించుకున్నాడు. "అయితే మిగిలింది ఒక్కటే. బుధవారం మీ అత్తగారు తన తెల్ల చీర చేత్తో ఉతికింది. మరక లేదు. కిందటి శనివారం నువ్వు దిండు గలేబులు మిషన్లో వేసావు. పచ్చబడ్డాయి. అంతకు ముందు శనివారం నా బనియన్లు. అవీ అంతే. చేత్తో ఉతికితే తెలుపు, మిషన్లో వేస్తే మరక. ముద్దాయి మిషనే."

ఎక్కడా సందు దొరకలేదు. జెన్నీకే ఒక్క క్షణం నిజమనిపించింది.

"ఇప్పుడు ఈ మాటల వల్ల ఏటి లాభం?" కరుణకుమారి బ్లీచ్ సీసా తెచ్చింది. "బేగి ఇందులో నానేద్దాం. ఎంత మరకైనా పోద్ది."

కుళాయి తిప్పి బకెట్ నింపి, మూత నిండా బ్లీచ్ పోసి, ఒక చీర ముంచింది. అందరూ బకెట్ చుట్టూ నిలబడ్డారు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. కరుణకుమారి చీరని పైకి లేపింది.

మరకలు పోలేదు. ముదిరాయి. టీ రంగు కాస్తా బెల్లం రంగైంది.

కరుణకుమారి చేతిలోంచి చీర నెమ్మదిగా బకెట్లోకి జారిపోయింది. "పాటబృందం పెద్ద, ఆ సువార్తమ్మకి ఏటి సెప్పాలి ఇప్పుడు?" అంది చాలా చిన్న గొంతుతో.

ఆ గొంతు విన్నాక జెన్నీకి భయం పోయింది. ల్యాబ్‌లో రిపోర్టు తేడాగా వస్తే ఆమె ఎవరి మీదా కేకలు వెయ్యదు. శాంపిల్ మళ్ళీ తీస్తుంది. ఇక్కడ తేడా ఏమిటి? బ్లీచ్ రంగుని విరుస్తుంది. విరవకపోగా ముదిరిందంటే అది కూరా కాదు, పసుపూ కాదు, గ్రీజూ కాదు. బ్లీచ్ తగిలితే ముదిరేది ఆమెకు తెలిసి ఒక్కటే. ఇనుము. తుప్పు.

ఉగాది వెళ్ళాక ఇంట్లో బోరు వేయించారు. ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఇనుప గరిటె నాకినట్టుంటుంది. అందుకే తాగడానికి మునిసిపాలిటీ కుళాయి నీళ్ళే పట్టుకుంటారు. బట్టలకీ స్నానాలకీ మేడ మీద ట్యాంకులోని బోరు నీళ్ళు. కానీ బుధవారం అత్తగారు ఉతికిందీ ఆ నీళ్ళతోనే కదా! మరి ఆ చీర ఎందుకు పచ్చబడలేదు?

"మావయ్యగారూ, ఒక్క అరగంట ఇవ్వండి," అంది.

జాన్ పాత తెల్ల పంచె తెచ్చి మూడు ముక్కలు చింపింది. మూడు మగ్గులు వరసగా పెట్టింది. మొదటి మగ్గులో మోటారు వేయించి బోరు గొట్టం నుంచి నేరుగా పట్టిన నీళ్ళు. రెండో దాంట్లో ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు. మూడో దాంట్లో బిందెలోని తాగే నీళ్ళు. మూడింట్లోనూ ఒకే చెంచాతో కొలిచి సబ్బుపొడి వేసింది. గుడ్డలు ముంచింది.

"ఇదేటే, కాఫీ హోటలా?" అని గోడ అవతల నుంచి అడిగింది వరలక్ష్మమ్మ.

"టెస్టండీ పిన్నిగారూ."

"రేపు చర్చికెళ్ళాల్సినోళ్ళు ఇవాళ పరీక్షలు రాత్తన్నారు," అని వరలక్ష్మమ్మ తనలో తాను నవ్వుకుంది.

అరగంట తరువాత జెన్నీ మూడు గుడ్డల్నీ పిండి రాతి మీద పరిచింది. బోరు నీళ్ళ గుడ్డ తెల్లగా ఉంది. తాగే నీళ్ళ గుడ్డ తెల్లగా ఉంది. ట్యాంకు నీళ్ళ గుడ్డ అంచుల దగ్గర పచ్చబడింది.

మెషిన్ ఆ గుడ్డని ముట్టుకోనేలేదు.

"మెషిన్ లేకుండానే మరక పడింది," అంది జెన్నీ, గొంతులో ఆనందం ఆపుకోలేక. "నేరం ట్యాంకులో జరిగింది!"

"ట్యాంకులోనా?" దయాకర్ బాబు నవ్వేశాడు. "అమ్మాయ్, ఆ ట్యాంకు శుభ్రం పూచీ నాది. అందులో నలకుంటే నా చెవి కోసిత్తాను. నీళ్ళ సంగతి నాకా చెప్తావు?" అని, గెలిచిన వకీలులా పేపరు తీసుకుని వీధి అరుగు మీదకు పోయాడు.

జెన్నీ మేడ మెట్లెక్కింది. ట్యాంకు మూత తిప్పి పక్కకి లాగింది.

ఘాటైన వాసన ముక్కుపుటాల్ని కోసేసింది. ఆసుపత్రి వరండా వాసన. కళ్ళు తుడుచుకుని లోపలికి తొంగి చూసింది. అడుగున ఎర్రటి బురద సన్నటి పొరలా పేరుకుని ఉంది. మూత దగ్గరి కొక్కేనికి నైలాన్ తాడు కట్టి ఉంది. తాడు లాగితే బరువుగా వచ్చింది. చివర ఒక మూట. లోపల ఇంకా కొంచెం తెల్లటి పొడి.

బ్లీచింగ్ పౌడరు.

ఒక్కసారిగా అంతా ముడి విడిపోయింది. బోరు నీళ్ళలో ఇనుము కంటికి కనపడకుండా కరిగి ఉంటుంది. బ్లీచింగ్ తగలగానే అది తుప్పుగా మారుతుంది. ఆ తుప్పు నీళ్ళలో తేలుతూ తెల్లబట్ట దొరికితే పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకి అడుక్కి దిగిపోతుంది, మందు ఘాటూ పోతుంది, నీళ్ళు తేటపడతాయి. బుధవారానికి చీర పాలలా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం మళ్ళీ కొత్త మూట పడుతుంది. శనివారం సెలవు కాబట్టి జెన్నీ మెషిన్ వేస్తుంది. తేడా చేతికీ మెషిన్‌కీ మధ్య కాదు. బుధవారానికీ శనివారానికీ మధ్య.

మూట ఎవరిదో అడగక్కర్లేదు. మామగారి పాత నీలం గళ్ళ లుంగీ ముక్క. మూతి దగ్గర రెండు మెలికల ముడి. మొన్నటి తుపాను వానలకి ఊళ్ళో నీళ్ళన్నీ కలగాపులగమయ్యాయని, ముప్ఫై మూడేళ్ళు ఏజెన్సీ నూతుల్లో మూటలు దింపిన చెయ్యి ఊరుకోలేకపోయింది. ఆ వాసన అత్తగారికి పడదు. అందుకే ఆవిడ శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్ళే వేళ చూసుకున్నారు. పాపం, మంచికే చేశారు. బ్లీచింగ్ మరకలు తీస్తుంది గానీ వేస్తుందని ఆయన కల్లో కూడా అనుకుని ఉండరు.

జెన్నీ కారుతున్న మూటతో మెట్లు దిగింది. పెరట్లో కరుణకుమారి ఒక్కతే ఉంది. మూట వైపు చూసింది. నీలం గళ్ళ వైపు చూసింది. ఆ లుంగీని చింపి మసిగుడ్డలు చేసింది ఆవిడే. పెదవులు బిగుసుకున్నాయి.

జెన్నీ మూటని ఓ మూల పెట్టేసింది. మామగారి మీద అత్తగారికి చాడీ ఎలా చెప్తుంది?

"నిమ్మ ఉప్పు ఉందా అత్తయ్యగారూ?" అని మాత్రం అడిగింది.

"ఇత్తడి సామాన్లకని తెచ్చింది పొట్లం నిండా ఉంది. ఎందుకే?"

"తుప్పుకి విరుగుడు పులుపు. బ్లీచ్ కాదు. వేడినీళ్ళు కావాలి, బేగి. పన్నెండింటికి మునిసిపాలిటీ కుళాయి వస్తుంది, నలభై నిమిషాలే ఉంటుంది. ఆ నీళ్ళతోనే జాడించాలి."

అప్పుడు టైము పదకొండుంపావు.

తరువాతి గంటన్నర ఆ పెరడు ఆపరేషన్ థియేటర్‌లా నడిచింది. బ్లీచ్‌లో ముంచిన చీరని తాగే నీళ్ళలో మూడుసార్లు జాడించి వాసన పూర్తిగా పోయాకే మిగతావాటితో కలపనిచ్చింది జెన్నీ. బ్లీచూ పులుపూ కలిస్తే ఊపిరాడని గాలి పుడుతుందని జాన్‌ని దూరంగా నిలబెట్టి మరీ చెప్పింది. పొయ్యి మీద తాగే నీళ్ళు కాగాయి. బకెట్‌కి రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు. మూడేసి చీరలు, అంతకన్నా ఎక్కువ కాదు. కుక్కితే నీళ్ళు మరక దాకా వెళ్ళవు.

అందరూ మొదటి బకెట్ చుట్టూ మూగారు. పది నిమిషాలకి మరకల అంచులు పల్చబడ్డాయి. ఇరవై నిమిషాలకి మధ్య మిగిలింది చిన్న నీడ. అరగంటకి అదీ లేదు.

"పోయింది!" అని గోడ అవతల నుంచి అందరికన్నా ముందు అరిచింది వరలక్ష్మమ్మ. పసుపు వదిలేసి, చేతులు సబ్బుతో రుద్దుకుని ఇవతలికి వచ్చేసింది. "జరుగు కరుణమ్మా, నీ మోకాళ్ళతో నువ్వేం పిండుతావు. ఆ చివర నేను పడతాను."

పన్నెండుకి కుళాయి బుస్సుమంది. జాడింపులు మూడు దఫాలు. పన్నెండూ ముప్ఫై ఎనిమిదికి తొమ్మిదో చీర ఆఖరి జాడింపు అయింది. రెండు నిమిషాలకి కుళాయి గుర్రుమని ఆగిపోయింది. పల్చటి గంజి, ఒక్క బొట్టు నీలిమందు, కార్తీకపు ఎండ. మూడింటికల్లా చీరలు చెయ్యి పెడితే కోసుకుంటుందేమో అన్నట్టు ఎండాయి. జాన్ బాబు ఇస్త్రీ చేశాడు. అతను స్పానర్ కన్నా ఇస్త్రీపెట్టె బాగా పడతాడని ఆ రోజే తెలిసింది.

ఐదింటికి తొమ్మిది మందీ వచ్చారు. పాటబృందం పెద్ద సువార్తమ్మ ముందు నడిచింది. మరకల కబురు అప్పటికే వీధి చివర దాకా పాకిపోయింది. ముందుగదిలో చాప మీద దొంతరగా ఉన్న చీరల్ని చూసి సువార్తమ్మ ఆగిపోయింది. ఒకటి తీసి వెలుతురుకి పెట్టింది. తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మరకలన్నారు! ఎక్కడున్నాయే అమ్మా? కొన్నప్పుడు కూడా ఇంత తెల్లగా లేవు ఇవి."

కానీ మామగారు కుర్చీలో ముందుకు వంగారు.

"చీరలు దక్కాయి సువార్తమ్మగారూ, దేవుడి దయ. కానీ ముద్దాయిని వదలకూడదు. ఆ మిషనే చేసింది ఇదంతా. రేపు ఆరాధన అవగానే రోలుగుంట పంపించేస్తున్నాం."

"మెషిన్ కాదండీ మావయ్యగారూ." మాట జెన్నీ నోటి నుంచి వచ్చేసింది. "ట్యాంకు నీళ్ళు. అందులో ఎవరో బ్లీచింగ్ పౌడరు మూట కట్టారు. బోరు నీళ్ళలో ఇనుముకి అది తగిలితే తుప్పవుతుంది. ఆ తుప్పే చీరలకి పట్టింది."

దయాకర్ బాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"బ్లీచింగ్... తుప్పు చేస్తుందా?" అన్నాడు చివరికి, నీళ్ళు నములుతూ.

"మూడు గుడ్డల టెస్టులో తేలిందండీ."

"ఓలమ్మో! ట్యాంకులో మందు కలిపారా?" సువార్తమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఎవరే తల్లీ, ఆ మనిషి?"

తొమ్మిది జతల కళ్ళు జెన్నీ మీద. చెప్తే తొమ్మిది మంది ముందు మామగారి పరువు పోతుంది. చెప్పకపోతే ముద్దాయి మెషినే అనుకుంటారు. రేపు దాన్ని ఎత్తుకుపోవడానికి ఆటో వస్తుంది.

"మంచికే చేశారండీ. నీళ్ళు బాగుండాలని," అంది తల దించుకుని.

"ఎంత మంచికైనా పేరుంటది కదా?"

జెన్నీ చీరల అంచులు సవరిస్తూ ఉండిపోయింది.

అప్పుడు కరుణకుమారి గోడ పట్టుకుని లేచింది. పెళ్ళై ముప్ఫై ఏడేళ్ళు. ఆవిడ నోటి వెంట భర్త పేరు ఎవరూ వినలేదు. రేషన్ కార్డు దగ్గర అడిగితే కొడుకు చేత చెప్పించింది. ఆసుపత్రిలో అడిగితే కాగితం మీద రాసిచ్చింది. పిలవాల్సి వస్తే 'ఏమండీ', చెప్పాల్సి వస్తే 'జాన్ వాళ్ళ నాన్న'. అంతే.

ఆవిడ కోడలి పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"మిషను ఎక్కడికీ ఎళ్ళదు," అంది. "వచ్చే ఏడు చీరలు కూడా మా జెన్నీయే ఉతుకుద్ది, అందులోనే. దాని నోటితో అది సెప్పలేదు, నాకు తెలుసు. నేను సెప్తాను."

దయాకర్ బాబు కుర్చీలో చిన్నగా ముడుచుకుపోయాడు. ఆయన మొహంలో అప్పటికే ఒక దొంగనవ్వు మొదలైంది. వరలక్ష్మమ్మ గుమ్మంలో నోరు కొంగుతో మూసుకుంది.

కరుణకుమారి భర్త కళ్ళలోకి సూటిగా చూసి, సువార్తమ్మకే కాదు వీధి అవతలికి కూడా వినపడేలా అంది:

"దయాకర్ బాబు!"